ఫోల్కర్ట్ ఉత్తరం వెనక సూర్యుడు

మా ఊళ్లో మనిషి పోతే ఇంటింటికీ నల్ల అంచు కవరు వస్తుంది. చేతిలో పని ఆపి విప్పుతారు. ఎవరు పోయారు, ఖననం ఎప్పుడు, ఆ తర్వాత టీ ఎక్కడ, అడుగున, ఏడ్చే ఇంటివాళ్ల పేర్లు. ఎమ్స్ నది ఒడ్డున ఈ చుట్టుపక్కల అలాంటి ఉత్తరాలన్నీ అచ్చుకి కూర్చినవాడు నా భర్త ఫోల్కర్ట్.

ఓక్కా అనే ఆమె నడిపే అచ్చాఫీసులో అతని కంప్యూటర్లో ఉన్నది బొమ్మల్ని అటూ ఇటూ జరుపుకునే ప్రోగ్రాం కాదు. ఒక్కొక్క ఆజ్ఞ రాసి పేజీని కట్టాలి. అక్షరాల వెనక ఒక పొర పరిచేవాడు. ఆ పొర మీద బర్చ్ చెట్లో, జోడించిన చేతులో, కరకట్ట అవతల సముద్రంలో దిగే సూర్యుడో ఉండేది. జనం ఎక్కువగా సూర్యుణ్ణే అడిగేవారు. ఫోల్కర్ట్‌కి ఆ సూర్యుడంటే ఒళ్లు మంట. అయినా పోయినవాళ్ల పేరు పడే చోట పొరను ప్రతిసారీ కంటితో చూసుకుంటూ పలచన చేసేవాడు. "పేరు కనపడకపోతే ఉత్తరమెందుకు, కేలండరు పంపుకోండి" అనేవాడు.

నోరు మంచిది కాదు. జాలరి భార్య ఒకామె వచ్చి, "మా ఆయన పడవ బొమ్మ పెడతావా?" అని అడిగింది.

"ఆయన్ని ముంచిన పడవేగా? పెడతాను. ఒడ్డుకొచ్చింది అదొక్కటేగా."

ఆమె లేచి పక్క ఊరికి పోయింది. "నీ నోటికి నల్ల అంచు కట్టాలి" అంది ఓక్కా.

మామయ్య హిన్రిక్ పోయినప్పుడు అత్తయ్య థేడా సూర్యుణ్ణే అడిగింది. మామయ్య సాయంత్రాలు కరకట్ట మీదే గడిపిన మనిషి.

"నాన్న కేలండరు కాదమ్మా" అన్నాడు ఫోల్కర్ట్.

"ఆయనతో కాపురం చేసింది నేనురా."

"ఉత్తరం కూర్చేది నేను."

తెల్ల కాగితమే వెళ్లింది. ఖననం తర్వాత కేకు నములుతూ ఎవరో అన్నారు, "ఏం థేడా, అచ్చాఫీసులో కొడుకుండి కూడా ఒట్టి కాగితమేనా?" అత్తయ్య నవ్వేసింది. ఆ నవ్వు వెనక ఆమె ఏం దాచిందో తర్వాత తెలిసింది.

ఫోల్కర్ట్‌కి గొంతులో క్యాన్సర్ వచ్చింది. మాట పోయింది. ఊళ్లో కొందరు అతని జబ్బుకి బాధపడుతూనే, జబ్బు మంచి చోటే చూసుకుందని కూడా అనుకున్నారు. చేతులు ఆడుతుండగానే తన ఉత్తరం తనే కూర్చుకున్నాడు. తేదీలకు చోటు వదిలాడు. సన్నటి నల్ల గీత, పేరు, మా పేర్లు. వెనక ఏ పొరా లేదు. చీటీ మీద "తెలుపు. మాటివ్వు" అని రాసి చూపిస్తే తలూపాను.

అతను పోయిన మర్నాడు నేనూ అత్తయ్యా అచ్చాఫీసుకి వెళ్లాం. ఓక్కా ఆ ఉత్తరం తెరిచింది.

"ఇది సగంలో ఉంది. సూర్యుణ్ణి పెట్టు" అంది అత్తయ్య.

"ఆయన ఇలాగే కావాలన్నాడు అత్తయ్యా."

"వాళ్ల నాన్న ఏం కావాలన్నాడో వాడు అడిగాడా?"

"నేను మాటిచ్చాను."

"అయితే నా పేరు తీసెయ్యండి."

తల్లి పేరు లేని ఉత్తరం వెళితే ఊరు ఏళ్ల తరబడి చెప్పుకుంటుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"కనపడీ కనపడనట్టు పెడదాం గెసీనా," ఓక్కా నన్ను బతిమాలింది.

"తీసెయ్యండి" అన్నాను.

ఓక్కా ఒక వరస చెరిపింది. కింది పేర్లు పైకి జరిగాయి. ఖాళీ కూడా మిగల్లేదు.

అత్తయ్య చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది. "ఇప్పుడు నాకు వేరేగా ఒకటి కూర్చు ఓక్కా. సూర్యుడితో. అడుగున నా పేరొక్కటే."

"ఒక్క మనిషికి రెండు ఉత్తరాలా థేడా?"

"మేం కలిసి ఏడవడం లేదుగా."

రెండూ ఆ సాయంత్రమే టపాలో పడ్డాయి. నాది మా ఊరివాళ్లకి. ఆమెది నది అవతల, ఆమె పుట్టిన ఊళ్లోని చుట్టాలకి, పాటల బృందంలో ముసలమ్మలకి. పొర పరిచే ఆజ్ఞ ఓక్కాకి తెలుసు. పేరు కింద దాన్ని పలచన చేయాలని మాత్రం తోచలేదు. ఆ పని ఎప్పుడూ ఫోల్కర్టే చూసుకునేవాడు. పైన సూర్యుడు ధగధగా వచ్చాడు. నడుమ నల్లటి నీళ్లలో ఫోల్కర్ట్ పేరు మునిగిపోయింది. అడుగున లేత ఇసుక మీద 'థేడా' అన్న పేరు చక్కగా నిలబడింది. కవర్లలో మడిచి పెడుతూ అత్తయ్య సూర్యుణ్ణే చూసుకుంది.

ఆమె ఉండేది మా ఇంటి కింది వాటాలో. ఉత్తరాలు చేరిన పొద్దున్నే అక్కడ ఫోన్ మోగింది. ముసలివాళ్లకి వినపడేలా ఆమె గట్టిగా మాట్లాడుతుంటే పైకి అంతా వినిపించింది.

"నేనే, థేడానే. లేదే, నేను పోలేదు. పోతే ఫోన్ ఎలా ఎత్తుతాను? ... ఫోల్కర్ట్. ఫోల్కర్ట్ పోయాడు."

పెట్టేసిందో లేదో మళ్లీ మోగింది.

"బతికే ఉన్నాను. హిన్రిక్ కాదు, ఆయనెప్పుడో పోయాడు. మా అబ్బాయి. అబ్బాయి."

కప్పులో కలకండ వేసి వేడి టీ పోశాను. కలకండ చిటపటమంది. కింద మళ్లీ మోగింది. ఈసారి చాలాసేపు మోగాక ఎత్తింది.

"నేను కాదు," అంది. గొంతు సన్నబడిపోయింది. "వాడు."

అవతల వినపడలేదు కాబోలు, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పింది. నేను మీగడ వేసుకుని, కిందికి దిగకుండా టీ తాగాను.