అందరూ కిందికి, అత్తయ్య పైకి

నేను బందరులో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. భూమి పైపొర పలకలు పలకలుగా ఉంటుందనీ, మనం నిలబడ్డ పలక ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను తోస్తోందనీ, ఆ వేగం ఇంచుమించు మన గోళ్ళు పెరిగేంత అనీ ఏటా చెబుతాను. పిల్లలు వెంటనే గోళ్ళు చూసుకుంటారు. భూకంపం వస్తే బల్ల కింద దూరాలనీ, ఊపు ఆగాక ఖాళీ స్థలంలోకి వెళ్ళాలనీ కూడా చెబుతాను. పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్న అది.

నిజంగా భూకంపం వచ్చిన ఉదయం నేను వంటింట్లో దోసెలు వేస్తున్నాను. స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. వాషింగ్ మెషిన్ తిరుగుతోందనుకుని, "అత్తయ్యా, ఆ మెషిన్ కాస్త ఆపండి" అని కేకేశాను. మెషిన్ రిపేరుకిచ్చామని అప్పుడు గుర్తొచ్చింది. స్టవ్ కట్టేశాను. బల్ల కింద దూరాలన్న సంగతి తట్టేసరికి ఊపు ఆగిపోయింది. మా డైనింగ్ టేబుల్ అద్దానిది కాబట్టి దూరనందువల్ల నష్టమేమీ జరగలేదు.

అత్తయ్య గదిలో లేరు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. కిందికి వెళ్ళారనుకుని నేనూ మెట్లు దిగాను. అపార్ట్‌మెంట్ మొత్తం సందులో నిలబడి ఉంది. ఒకవైపు మా బిల్డింగు, ఇంకోవైపు ఎదుటి బిల్డింగు, నెత్తిమీద కరెంటు తీగలు, మూల మీద ట్రాన్స్‌ఫార్మర్. అంతకన్నా ప్రమాదమైన చోటు మా వీధిలో లేదు. అందరం అక్కడే ఉన్నాం. అత్తయ్య మాత్రం లేరు.

"ఏవమ్మా, మీరంతా కింద ఏం చేస్తున్నారు?" అన్న గొంతు పైనుంచి వినిపించింది. టెర్రస్ పిట్టగోడ మీదుగా అత్తయ్య తొంగిచూస్తున్నారు.

"మామ్మగారూ, దిగండి! భూకంపం!" అని అరిచారు మా అసోసియేషన్ సెక్రటరీగారు.

"తెలుసు నాయనా. అందుకే చెబుతున్నా. పైకి రండి!"

కాసేపు కిందివాళ్ళు ఆవిడను దిగమనీ, ఆవిడ కిందివాళ్ళను ఎక్కమనీ పిలుచుకున్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి నేనే పైకి వెళ్ళాను.

అత్తయ్య నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చున్నారు. ఒళ్ళో మందుల డబ్బా, టార్చిలైటు, మంచినీళ్ళ సీసా ఉన్నాయి. ఆవిడ అత్తవారిది దివిసీమలో కోడూరు దగ్గర పల్లెటూరు. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడే ఉప్పెన వచ్చిందని మాకు తెలుసు. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

"భూకంపానికి పైకి ఎక్కకూడదు అత్తయ్యా."

"సముద్రం వస్తే?"

గుడివాడలో ఆఫీసుకు వెళ్ళిన మావారు అప్పుడే ఫోన్ చేశారు. అక్కడ కూడా జనం రోడ్డు మీదే ఉన్నారట. అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు.

"రోడ్డు మీద ఏం పనిరా నీకు? ఏదన్నా మేడ ఎక్కు."

"గుడివాడకి సముద్రం రాదమ్మా."

"అది నిన్నడిగి వస్తుందా?"

భూకంపం పుట్టింది సముద్రంలో కాదనీ, ఎక్కడో దూరంగా నేల మీదేననీ, సునామీ భయం లేదనీ కాసేపటికి టీవీలో చెప్పారు. ఆవిడకు ఆ కబురు సరిపోలేదు. స్కూలుకు ఫోన్ చేస్తే, పిల్లలు గ్రౌండులో హాయిగా ఉన్నారనీ, క్లాసుల్లోకి రమ్మంటే రావడం లేదనీ చెప్పారు. ఆ పూటకు సెలవడిగి, ఆవిణ్ణి ట్యాంకు దగ్గర్నుంచి కాస్త ఇవతలికి జరిపి, ఎండ ముదిరేదాకా పక్కనే కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం కింద పార్కింగులో మీటింగు పెట్టారు. ఈసారి భూకంపం వస్తే అందరం ఆ పార్కింగులోనే చేరాలని సెక్రటరీగారు ప్రతిపాదించారు. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మన నేల కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు అనీ, మెత్తటి నేల మరింత ఊగుతుందనీ, గోడల్లేకుండా ఉత్త స్తంభాల మీద నిలబడ్డ ఇలాంటి పార్కింగే ముందు దెబ్బ తినవచ్చనీ చెప్పాను. అందరూ స్తంభాలకేసి ఒకసారి చూసి, కుర్చీలు మోసుకుని బయటికి నడిచారు. మిగతా మీటింగు ఎండలో జరిగింది.

సందు చివరి గ్రౌండులో చేరాలని తేలింది. అత్తయ్య లేచారు.

"ఆ తర్వాత సముద్రం వస్తే?"

"గట్టిగా, చాలాసేపు ఊగితే, ఊపు ఆగగానే ఎవరూ చెప్పేదాకా చూడకుండా ఎత్తైన చోటికి వెళ్ళిపోవాలి అత్తయ్యా."

"అంటే దిగి, మళ్ళీ ఎక్కాలా? ఈ మోకాళ్ళతోనా? అయితే నేను పైనే మొదలుపెడతాను."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "సరే, మీ గ్రౌండుకి నేనొస్తా. తర్వాత నా మేడ మీదకి మీరొస్తారా?" అన్నారు. సెక్రటరీగారు ఒప్పుకున్నారు.

రిహార్సల్ రోజున ఆయన కంచం మీద గరిటెతో కొట్టారు. లిఫ్టు ఆపేశారు. దిగుతున్నంతసేపూ అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను. గ్రౌండులో క్రికెట్ ఆడేవాళ్ళు మమ్మల్ని పిచ్ మీద నుంచి పక్కకు జరగమన్నారు. జరిగాం. ఫొటోలు దిగాం. ఆ తర్వాత మాట ప్రకారం అందరం టెర్రస్ ఎక్కాం.

ఎదురింటావిడ కుర్చీ వేసి, "మామ్మగారూ, ఉప్పెనప్పుడు మీరెలా బయటపడ్డారండీ?" అని అడిగేసింది. ఇన్నేళ్ళలో నేను అడగని మాట.

"మాది మట్టిమిద్దె కూడా కాదమ్మా, తాటాకిల్లు. నీళ్ళు రాగానే పక్కింటి డాబా ఎక్కాం, నేనూ మా ఆడపడుచూ. వాళ్ళమ్మని తీసుకొస్తానని అది మళ్ళీ దిగింది. ఇద్దరూ రాలేదు. నీళ్ళు తీశాక నన్ను దిగమన్నారు. నేను దిగనన్నాను. మోసుకుని దింపారు."

అంతే చెప్పి నీళ్ళు తాగారు. సెక్రటరీగారు చేతిలోని గరిటెను అటూ ఇటూ తిప్పి, ఇక కిందికెళ్ళి టీ తాగుదామన్నారు. ఎవరూ మెట్లవైపు వెళ్ళలేదు. అత్తయ్య తీరిగ్గా కూర్చుని, ఊరినంతా ఒకసారి కలయజూసి, లేచి నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్కో మెట్టూ దిగుతూ, అంతస్తు అంతస్తుకీ ఆగారు. ఆ రోజు ఆవిడకన్నా ముందు ఎవరూ దిగలేదు. టీ చల్లారిపోయింది.