అట్టముక్క, నాలుగు ముడులు

అద్దాల బాబాయ్ దుకాణానికి లెన్స్ కోసం ఎవరెళ్ళినా మొదట ఒకటే ప్రశ్న వేస్తాడు. “ఏం వదిలేస్తావ్?”

కొత్తవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. కొండలూ చెరువులూ ఫోటోలు తీద్దామని, అంతా ఒకేసారి పట్టే వెడల్పు లెన్స్ అద్దెకు అడగడానికి వచ్చినవాణ్ణి ఏం వదిలేస్తావంటాడేమిటి? ఆ మాటే పైకంటే ఆయన నవ్వడు, కోప్పడడు. సొరుగులోంచి ఒక అట్టముక్క తీస్తాడు. దాని మధ్యలో పోస్టుకార్డు కన్నా కాస్త పెద్ద కిటికీ కోసి ఉంటుంది. అట్టకు ఒక దారం, దారానికి నాలుగు ముడులు. ఒక్కో ముడి ఒక్కో లెన్స్. ముడిని కంటికింద ఎముకకు ఆనించి, దారం బిగిసేదాకా అట్టను ముందుకు జరపాలి. ఆ కిటికీలోంచి ఎంత కనిపిస్తే ఆ లెన్స్‌తో ఫోటోలో అంతే వస్తుంది. అట్ట ముక్కుకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా వచ్చే ముడి పద్నాలుగు నంబరుది. అన్నిటికన్నా వెడల్పు అదే. తర్వాత ఇరవై, ఇరవైనాలుగు, చిట్టచివర ముప్పైఐదు.

“పో, వీధిలోకెళ్ళి చూసుకుని రా. లెన్స్ ఎక్కడికీ పారిపోదు,” అంటాడు.

మెట్ల కింద దుకాణం ఆయనది. లోపల చేతులు రెండూ చాపితే గోడలు తగులుతాయి. పాత లెన్సులు విప్పి, బూజు తుడిచి, మళ్ళీ బిగించడం ఆయన పని. డెబ్భై దగ్గరపడినా చెయ్యి వణకదు. మోకాళ్ళు మాత్రం మాట వినవు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకు, “నేనూ ఒకటి వదిలేశాను,” అంటాడు.

నేను కాలేజీ మధ్యలో మానేసి, ఇళ్ళు అమ్మేవాళ్ళకు గదుల ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గరున్న పద్నాలుగు పాడైంది. అది లేకపోతే నాకు పని లేదు. దానితో ఇరుకు గది హాలయిపోతుంది.

“నువ్వు తీసిన ఫోటో చూసి ఒకావిడ ఆ స్నానాలగదిలో మంచం ఎక్కడ వేయాలో ఆలోచించిందటరా,” అని బాబాయ్ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. అయినా ఆ పనికి పద్నాలుగు ఇచ్చేవాడు. ఒక్కసారి మాత్రం ఇవ్వలేదు.

మా వీధి ఒక కొండ కింద ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ దాన్ని కంకర కోసం పేలుస్తూనే ఉన్నారు, ఇప్పటికి సగం లేదు. ఇప్పుడు మిగతా సగానికీ అనుమతి కావాలని కాంట్రాక్టరు దరఖాస్తు పెట్టాడు. విచారణకు మా వీధివాళ్ళు అభ్యంతరం రాసిచ్చారు. ఫోటో తీసే పని నా మీద పడింది. మా పక్కింటి పెద్దమ్మ ఇల్లు కొండకు మరీ దగ్గర. పేలుడు జరిగినప్పుడల్లా ఆవిడ గోడలో పగులు కాస్త సాగుతుంది. సాగినచోట పెన్సిలుతో గీత గీసి తారీఖు వేస్తుంది. ఆ గోడ చూస్తే ఎదిగే పిల్లాడి ఎత్తు కొలిచినట్టు ఉంటుంది. “కప్పు దాకా వెళ్ళిందంటే ఇక నేనే వెళ్ళాలి,” అనేది.

ఆ పెద్దమ్మ బాబాయ్‌కి స్వయానా వదిన. ఆవిడ భర్త, మా పెద్దనాన్న, పోయి తొమ్మిదేళ్ళు.

“పద్నాలుగు ఇవ్వు బాబాయ్. కొండ తీయాలి,” అన్నాను.

“ఏ కొండ?”

“ఏ కొండేంటి, మనదే. వచ్చే వారం విచారణ. కొండ, ఇళ్ళు, గోడలు, అన్నీ ఒక్క ఫోటోలో పడాలి.”

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

“ఇవ్వను.”

“ఎందుకివ్వవు? గదులకి ఇస్తావుగా?”

“గది అబద్ధమాడితే కొనేవాడు వచ్చి కళ్ళారా చూసుకుంటాడు. కొండని చూడ్డానికి ఎవడొస్తాడ్రా? ఫోటో చూసే సంతకం పెడతారు.”

బల్లకేసి చూస్తూ జరిగింది చెప్పాడు.

ఇరవైరెండేళ్ళ కిందట మొదటి సగానికి అనుమతి అడిగినప్పుడు కూడా వీధివాళ్ళు అభ్యంతరం పెట్టారు. ఫోటో తీసింది ఈయనే. అప్పుడే దుకాణానికి పద్నాలుగు వచ్చింది. ఊళ్ళో మరెవరి దగ్గరా లేదు. అన్నగారి గేటు ముందు నిలబడి చూస్తే గేటు, అన్న, ఏడిళ్ళు, కొండ, మబ్బులు, మొత్తం కళ్ళముందు పరుచుకుంది.

“ఏదీ వదలబుద్ధి కాలేదురా. ఫోటో చూసి వీధంతా చప్పట్లు కొట్టింది. అందరికీ తెలిసిన కొండే కదా, ఎంత చిన్నగా పడిందో ఎవరి కంటికీ ఆనలేదు. నా కంటికీ ఆనలేదు. ఆ లెన్స్ దగ్గరున్నదాన్ని ఉబ్బిస్తుంది, దూరంగా ఉన్నదాన్ని తొక్కేస్తుంది. ఫోటోలో మా అన్న నెత్తి మీద కొండ వేలెడు ఎత్తుంది, అంతే. ఆఫీసరు చూసి, ఇదా కొండ, మట్టిదిబ్బలా ఉందే, అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.”

“మరి చెప్పలేదా?”

“చెప్పలేదు. లంచం తిన్నాడని అందరూ వాణ్ణి తిట్టారు. నేనూ తిట్టాను.”

ఆ ఫోటో ఇప్పటికీ పెద్దమ్మ ముందుగది గోడకు ఉంది. మా తమ్ముడు తీశాడని పెద్దనాన్న బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడట. చిన్నప్పటినుంచీ నేనూ చూశాను. నాకూ ఏమీ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ అట్టముక్క పట్టుకుని మా వీధికి వచ్చాడు. కొండ ముందు నిలబడి ముడులు మార్చి మార్చి చూశాడు. వెనక్కి నడిచాడు. ఇంకా వెనక్కి నడిచాడు. చివరికి స్కూలు మేడ మీదికెక్కాలన్నాడు. మూడంతస్తుల మెట్లు. అంతస్తుకోసారి కూర్చున్నాడు.

పైకెక్కాక ఇరవై ముడి పెట్టి నన్ను చూడమన్నాడు. కిటికీలో మూడొంతులు ఆకాశం, స్కూలు మైదానమే. ఇరవైనాలుగులోనూ సగం అవే. ముప్పైఐదు పెట్టేసరికి మైదానం పోయింది, మబ్బులు పోయాయి. మిగిలింది ఇళ్ళ వరస, దాని వెనక నిటారుగా కోసిన సగం కొండ. కొండ కంటికి ఎంత పెద్దగా తోస్తుందో, కిటికీలోనూ అంత చోటు తీసుకుంది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. “బాబాయ్, దూరంగా ఆ వంతెన మీదికి పోయి దూరాన్ని దగ్గరకు లాగే రెండొందల నంబరు లెన్స్‌తో తీద్దామా? కొండ ఇళ్ళ మీద పడిపోతున్నట్టు వస్తుంది. ఆఫీసర్లు హడలి చస్తారు.”

“వస్తుంది.”

“మరింకేం? మనం గెలవాలా వద్దా?”

“అప్పుడు తెలియక అబద్ధమాడాను. ఇప్పుడు తెలిసి ఆడమంటావా?” అని ముప్పైఐదు నా చేతిలో పెట్టాడు. “తియ్యి.”

తీశాను. నిజం చెప్పాలంటే గొప్ప ఫోటో ఏమీ కాదు. దాన్ని ఎవరూ గోడకు కట్టుకోరు.

విచారణ రోజు మా వీధి నుంచి పదకొండుమంది వెళ్ళాం. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది, బాబాయ్ గోడ పక్కన నిలబడ్డాడు. ఆఫీసరు ఒకావిడ. నేనిచ్చిన ఫోటో చూస్తుండగా కాంట్రాక్టరు మనిషి లేచి, పాత ఫైలులోంచి ఇంకో ఫోటో తీసి పక్కన పెట్టాడు. పెద్దమ్మ గోడకున్నదే. గేటు ముందు పెద్దనాన్న, ఏడిళ్ళు, కొండ, మబ్బులు.

“ఇది వీళ్ళే ఇచ్చుకున్న ఫోటో మేడమ్, ఇరవైరెండేళ్ళ నాటిది. కొండ అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే ఉంది. పక్కపక్కన పెట్టి చూడండి. మేం కొండ తినేశామంటున్నారు. ఏం తిన్నామండీ?”

ఎవడో పక్కున నవ్వాడు. ఆఫీసరు రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసింది. నిజమే, రెండిట్లో కొండ ఇంచుమించు ఒకే ఎత్తుంది. వెనకనుంచి మా కిరాణా మావయ్య, “వాడు మాయ చేశాడు!” అని అరిచాడు.

“మాయ వాడు చేయలేదు. నేను చేశాను,” అన్నాడు బాబాయ్.

ముందుకు నడిచాడు. వదిన పక్కనుంచే వెళ్ళాడు గాని అటు చూడలేదు.

“ఆ పాత ఫోటో నేను తీసిందేనమ్మా. తప్పు లెన్స్‌తో తీశాను. ఆ ఫోటో చూసే అప్పుడు అనుమతిచ్చారు.” సంచిలోంచి అట్టముక్క తీశాడు. “మీరే చూడండి. ఈ ముడి కంటికింద ఆనించి, అట్ట కిటికీలోంచి బయటున్న ఆ నీళ్ళట్యాంకు చూడండి.”

“ముసలాయన దారంతో కొండని కొలుస్తాడట,” అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

ఆఫీసరు వాడివంక ఒక చూపు చూసి, అట్ట అందుకుంది. పద్నాలుగు ముడి పెట్టి ఎదురుగా ఉన్న ట్యాంకును చూసింది. తర్వాత ఆయన చెప్పినట్టే ముప్పైఐదు ముడి పెట్టి చూసింది. మళ్ళీ మొదటిది. “దీంట్లో ట్యాంకు కిటికీలో ఓ మూలకుంది. దాంట్లో సగం కిటికీ అదే,” అంది.

“ట్యాంకు అదేనమ్మా. మారింది ముడి ఒక్కటే. పాత ఫోటో మొదటి ముడిది. కొత్తది చివరి ముడిది. మొదటిదాంట్లో నిండు కొండ, రెండోదాంట్లో సగం కొండ. అందుకే రెండూ సమానంగా ఉన్నాయి.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది ఆవిడ.

“సిగ్గుపడి,” అన్నాడు.

సర్వేవాళ్ళు వచ్చి కొండను పాత పటాలతో సరిపోల్చి కొలవాలని, అప్పటిదాకా పేలుళ్ళు ఆపాలని ఆవిడ రాసింది. ఫోటోలు రెండూ లెక్కలోకి తీసుకోవద్దని కూడా రాసింది. నాకు కాస్త చివుక్కుమంది. బాబాయ్ మాత్రం, “మంచి పని చేసింది,” అన్నాడు.

బయట అందరూ సంబరంగా మాట్లాడుకుంటున్నారు. పెద్దమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది. బాబాయ్ వెనక సీట్లో కూర్చున్నాడు.

నాలుగు వారాలకు కొలతలు వచ్చాయి. కొండ సగానికి పైగా పోయిందని తేలింది. మిగతాదానికి అనుమతి ఇవ్వలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచింది. ముందుగదిలో స్టూలెక్కి పాత ఫోటో దించుతోంది. దాని వెనక గోడ తెల్లగా, పలకంత మేర మిగిలింది. చెంగుతో అద్దం తుడిచింది. భర్త మొహం ఉన్నచోట ఇంకోసారి తుడిచింది.

“ఇది తీసుకెళ్ళి మా మరిదికి ఇచ్చెయ్.”

“ఏమని చెప్పను పెద్దమ్మా?”

“కోపంతో కాదని చెప్పు.” ఫోటో నా చేతిలో పెట్టింది. “కాదులే. కోపమనే చెప్పు. ఆయన పోయేదాకా ఈ ఫోటో చూసుకుని మురిసిపోయాడు. తగ్గాక నేనే వస్తానని చెప్పు.”

ఉన్నదున్నట్టు చెప్పాను. బాబాయ్ ఫోటో అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మేకు అడిగి, లోపలికి రాగానే కనబడేచోట నాచేతే కొట్టించాడు. ఇప్పుడు ఎవరైనా పద్నాలుగు కావాలంటే అట్టముక్క తీసేముందు ఆ ఫోటో చూపించి, “ఈ కొండ ఎంత ఎత్తుంటుందో చెప్పు,” అంటాడు. ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

దుకాణంలో ఉన్నది ఒకటే కుర్చీ. దాని మీద ఎప్పుడూ లెన్సుల డబ్బాలు ఉండేవి. ఆ రోజే వాటిని తీసి కింద సర్దాడు. నేను కూర్చోబోతే ఊరుకోడు. “నీకు కాళ్ళున్నాయిగా, నిలబడు,” అంటాడు.

పెద్దమ్మ ఇంకా రాలేదు.