కొంగులో దాచిన చేతులు

మా దిక్కు మీటింగు పెడితే అన్నిటికన్నా ముందు శాలువాలు కొంటారు. మాట్లాడే మనిషి దొరక్కపోయినా ఫరవాలేదు, కప్పడానికి శాలువా ఉండాలి. నడి ఎండాకాలంలో కూడా ఒకరికొకరు కప్పుకొని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ ఫొటో దిగుతారు. శాలువా కప్పించుకున్న తర్వాత చెప్పిన పని చేసిన మనిషిని నా ఇన్నేళ్ళ బతుకులో ఇంకా చూడలేదు.

గుమ్మడిదల దగ్గర పల్లె మాది. నాకు అరెకరం ఆకుకూరల మడి ఉంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేస్తాను. తెల్లవారకముందే కోసి, ఆటోలో బొల్లారం పట్టుకుపోయి, కిరాయి గదుల్లో ఉండే కంపెనీ పనివాళ్ళకు అమ్ముతాను. కొడుకు మంచివాడే, కోడలు అన్నం పెడుతుంది. అయినా నా ఉప్పూ చింతపండూ నేనే కొనుక్కోవాలి, లేకపోతే ముద్ద దిగదు. ఆ మడికి నీళ్ళిచ్చేది ఒక్కటే బోరు. అది పోతే నేను గడపలో కూర్చొని దారిన పోయేవాళ్ళను లెక్కబెట్టే ముసలిదాన్ని అవుతాను.

మడికి ఎగువన మందుల కంపెనీ ఉంది. వాన కోసం రైతు ఎదురుచూస్తాడని అందరూ అంటారు. మా దగ్గర రైతుకన్నా ఎక్కువ ఎదురుచూసేది ఆ కంపెనీ. వాన జోరందుకోగానే వెనక గోడ కింద నుంచి మురికినీళ్ళు వాగులోకి వదులుతారు. నీళ్ళు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, రాళ్ళ దగ్గర నురగ కడుతుంది, ముక్కులో పచ్చిమిరప పొడి పోసినట్టు మండుతుంది. తెల్లారేసరికి వరద అంతా కడుక్కుపోతుంది. తర్వాత నాలుగు రోజులు బోరు వాసన కొడుతుంది, పాలకూర అంచులు మాడిపోతాయి. ఫోను చేస్తే కాలుష్య మండలి అధికారి వస్తాడు, రాకపోవడం ఉండదు. కాని వాగు తేటపడి, కొంగలు దిగిన తర్వాత వస్తాడు. బూట్లకు మట్టి అంటకుండా గట్టు మీదే నిలబడి, "నీళ్ళు మంచిగనే ఉన్నయి గదమ్మా" అంటాడు.

ఇట్లా ఉండగా నీళ్ళు ఖరాబు చేసేవాళ్ళ మీద రాష్ట్రం కొత్త చట్టం తెస్తోందని మా ఊరి టీచరమ్మ చెప్పింది. ఆమె బళ్ళో పాఠాలు చెప్పి రిటైర్ అయింది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆమెనే. చదివే అలవాటు పోక, ఆ చట్టం చిత్తుప్రతి తెచ్చి మా అరుగు మీద కూర్చొని ఆడవాళ్ళందరికీ చదివింది. నేను మూడో తరగతితో ఆపినదాన్ని. సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికి ఒళ్ళు మండింది.

"ఫిర్యాదు చేసేటోళ్ళే నీళ్ళు పట్టుకొని, గవర్నమెంటు ఒప్పుకున్న ల్యాబుల పరీక్ష చేయించి, ఆ రిపోర్టు జతచేయాలంట అక్కా" అంది టీచరమ్మ.

"ఆ ల్యాబు యాడుంది?"

"పట్నంల."

"అర్ధరాత్రి వానల వాగుకాడికి వోయి సీసా నింపుకొని, పట్నం బస్సెక్కాలె. అంతేనా? దొంగను మేమే పట్టి, మేమే తాళ్ళతోటి కట్టి, నెత్తిన మోసుకొని ఠాణాకు తేవాలె. అప్పుడు పోలీసాయన కుర్చీల కూసొని రాసుకుంటడు. ఇది సట్టమా?"

నా తోడికోడలు పక్కనే కూర్చొని బఠాణీలు తింటోంది. నాకన్నా చిన్నది, ఊళ్ళో ఏ పందిరి వేసినా ముందు వరసలో ఉంటుంది. "సర్కారోళ్ళు సదువుకున్నోళ్ళు గదక్కా. ఊకెనే రాస్తరా?" అంది.

"సదువుకున్నోళ్ళు కాబట్టే గట్ల రాసిండ్రు" అన్నాను.

మేం కోరేది ఒక్క మాటే అని ఆ అరుగు మీదే తేల్చుకున్నాం. ఫిర్యాదు అందితే రాత్రయినా వానయినా అదే పూట అధికారి వచ్చి, తన చేత్తో నీళ్ళు పట్టుకోవాలి. పరీక్ష ఖర్చు వాళ్ళది. ఈ మాట చట్టంలోకి ఎక్కితే నా బోరు బతుకుతుంది, ఎక్కకపోతే చట్టం వచ్చినా రాకున్నా ఒకటే.

ఆ బిల్లు మీద జనం ఏమంటారో వినడానికి అసెంబ్లీ కమిటీ సంగారెడ్డి వస్తోందన్నారు. ఒక ఫంక్షన్ హాల్లో సభ. పెళ్ళిళ్ళు జరిగే హాలు, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర కుర్చీలోనే కమిటీ చైర్మన్‌ను కూర్చోబెట్టారు. మేం రెండు ఆటోల్లో పోయాం. పదకొండుకు సభ అన్నారు. ఒంటిగంట దాటే దాకా స్టేజీ మీద ఒకరినొకరు పొగుడుకున్నారు. వాళ్ళు చెప్పుకున్నది నిజమైతే మా జిల్లాలో వాగులన్నీ పాలలాగా పారుతుండాలి.

నా వంతు వచ్చింది. మైకు పట్టుకొని, "సారూ, మీ సట్టంల ఒక్క మాట మార్చాలె" అన్నాను. అంతే. చైర్మన్ లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఈ వయసుల మీరు ఎవుసం చేసుకుంట ఇంత దూరం వచ్చిండ్రు. మీ అసొంటి తల్లులను గౌరవించుకోవాలె" అని చేయి చాచాడు. ఎవరో వెనకనుంచి శాలువా అందించారు. అది నా భుజాల మీద పడింది. మైకు నా చేతిలోంచి ఎటో పోయింది. ఇద్దరు ఫొటోలు తీశారు. మా ఊరి ఆడవాళ్ళు, నోరు తెరిచి ఒక్క మాట అడగడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళ ముసలిదానికి శాలువా కప్పారని హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. నా తోడికోడలు లేచి నిలబడి మరీ కొట్టింది. మా దగ్గర అంతే. ఎవరికి శాలువా కప్పినా చప్పట్లు కొట్టాలి, కొట్టకపోతే ఓర్వలేనితనం అంటారు. ఆ చప్పట్లలోనే చైర్మన్ ఏదో గబగబా చదివాడు. భోజనాలు అన్నారు. సభ అయిపోయింది.

తిరుగు ఆటోలో తోడికోడలు శాలువా అంచు నలిపి చూసింది. "జరీ మంచిగుందక్కా."

"నోర్మూయి" అన్నాను.

వారం తర్వాత టీచరమ్మ కమిటీవాళ్ళు అచ్చువేసిన సభ రిపోర్టు పట్టుకొచ్చింది. రిపోర్టు కూడా బయటకు వచ్చిందంటే ఏదో పని జరిగిందనుకున్నాను. జరిగింది. ఫిర్యాదుదారే పరీక్ష చేయించాలన్న మాటను సభకు వచ్చిన మహిళా రైతులు కరతాళ ధ్వనులతో బలపరిచారని రాసి ఉంది. టీచరమ్మ రెండోసారి చదివింది.

"మేము నీకు కొట్టినమక్కా, వాళ్ళకు గాదు" అంది తోడికోడలు.

"నాకెందుకు కొట్టిండ్రే? నేనేమన్న ఆటల గెలిచొచ్చిన్నా? ఎవడన్న పిలిచి బొట్టు వెడితే సాలు మీకు, మెడ కోసినా సప్పట్లు గొడ్తరు."

"అయితే ఆ శాలువా వాళ్ళ మొఖాన్నే కొట్టొద్దాం" అంది ఆమె. కోపం వస్తే ఆమెకూ మాట వస్తుంది.

నేను ఒప్పుకోలేదు. గట్టి బట్ట. అప్పటికే దాన్ని తడిపి కొత్తిమీర గంప మీద కప్పుతున్నాను, బొల్లారం చేరేదాకా ఆకు వాడిపోవడం లేదు. వాళ్ళు చేసిన దాంట్లో పనికొచ్చింది అదొక్కటే.

కమిటీ ఆఖరిసారి పటాన్‌చెరులో కూర్చుంటుందని తెలిసింది. అదీ ఫంక్షన్ హాలే. ముందురోజు అందరినీ అరుగు మీదికి పిలిచి ఒక్కటే చెప్పాను. "రేపు ఎవ్వరు సప్పట్లు కొట్టొద్దు. దండం వెట్టొద్దు. తలకాయ ఊపొద్దు. చేతులు కొంగుల చుట్టుకొని కూసోండ్రి. చేతులు బయట కనవడ్డయంటే మన ఆటోల ఎక్కనియ్య, నడుసుకుంట రావాలె."

"ఈగ వాలితే?" అంది తోడికోడలు.

"వాలనియ్యి."

హాల్లో మేం ఎడమ పక్క వరసలన్నీ నింపి కూర్చున్నాం. చైర్మన్ వచ్చాడు, దండ వేశారు. మా వైపు నుంచి చప్పుడు లేదు. ఒకాయన కవిత్వం లాంటిది చదివాడు. చప్పుడు లేదు. చైర్మన్ నీళ్ళ గురించి మాట్లాడుతూ, మధ్యలో ఆగాడు. అట్లా ఆగినచోట జనం చప్పట్లు కొడతారని ఆయనకు తెలుసు. మా వరసల్లో ఒక్క చేయి బయటికి రాలేదు. ఆయన నీళ్ళు తాగి ఇంకో మాట చెప్పి మళ్ళీ ఆగాడు. మంచి గొంతు ఆయనది, పాపం, ఎవరూ మెచ్చుకోకపోతే గాలి తీసిన ట్యూబులా అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి అడిగాడు. "ఏందమ్మా, అందరు గిట్ల కూసున్నరేంది? చేతులకు ఏమైంది?"

నేను లేచాను. ఎవరో శాలువా పట్టుకొని నా వైపు వస్తుంటే, "ఆడనే ఉండు బిడ్డా, నాకాడ ఒకటుంది, గంప మీదికి" అన్నాను. అతను ఆగిపోయాడు.

"సారూ, పోయినపాలి మావోళ్ళు నాకు సప్పట్లు కొడ్తే మీరు సట్టానికి రాసుకున్నరు. అందుకే చేతులు దాచుకొని వచ్చినం. నోరొక్కటి తెచ్చినం. నోటితోటి చెప్పింది రాసుకుంటరా?"

హాల్లో ఎక్కడో ఒకరు నవ్వారు. చైర్మన్ నవ్వలేదు. పక్కనున్న ఆఫీసరు వైపు వంగి ఏదో అడిగాడు, ఆఫీసరు మెడ గోక్కున్నాడు.

"చెప్పు పెద్దమ్మా" అన్నాడు చైర్మన్.

చెప్పాను. వాన సంగతి, వాగు సంగతి, వరద కడుక్కుపోయాక వచ్చే బూట్ల సంగతి. "ఫిర్యాదు వెట్టిన పూటనే మీ మనిషి వచ్చి నీళ్ళు వట్టుకోవాలె. మేము ఫోను చేస్తం, వెనక గోడ సూపిస్తం, కందిలి పట్టుకొని ముంగట నడుస్తం. సీసా మాత్రం మీది."

చైర్మన్ ఆఫీసరును రాసుకోమన్నాడు. "పోయినసారి రాసింది కొట్టేయాలె సారూ" అని టీచరమ్మ లేచింది. బళ్ళో పిల్లలను నిలబెట్టిన గొంతు అది. ఆఫీసరు కొట్టేశాడు. తర్వాత కొత్తగా రాసింది మైకులో చదివాడు: ఫిర్యాదు అందిన పూటే అధికారి స్వయంగా నీటి నమూనా సేకరించాలని సభికులు కోరారు. మా మాట మా మాటలాగే, వాళ్ళ భాష వేసుకొని, హాలంతా వినపడింది.

నా పక్కన తోడికోడలు కొంగు కదిలింది. చూస్తే రెండు చేతులూ సగం బయటకు వచ్చాయి, అరచేతులు ఎదురెదురుగా ఉన్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి. మణికట్టు పట్టుకొని మళ్ళీ కొంగులోకి తోశాను.

"ఇప్పుడు మన మాటనే గదక్కా చదివిండ్రు" అంది గుసగుసగా.

"కోరిండ్రు అన్నడు. ఇచ్చినమనలే. సట్టంలకు ఎక్కినంక కొట్టు."

బిల్లు ఇంకా కమిటీ నుంచి బయటికి రాలేదు. మొన్నటి వానకు వాగు మళ్ళీ డికాక్షన్ రంగుకు తిరిగింది. నేను ఫోను చేశాను, వాళ్ళు ఎప్పటిలాగే కొంగలతో పాటు వచ్చారు. రోజూ సాయంత్రం తోడికోడలు అరుగు మీదికి వచ్చి, "ఎక్కిందా అక్కా?" అని అడుగుతుంది. లేదని చెబితే చేతులు కొంగులో పెట్టుకొని కూర్చుంటుంది.