నిజానికి పది మార్కులు

డిగ్రీ మొదటి సంవత్సరంలో మాకు తెలుగు రచన అని ఒక పేపరు ఉండేది. జగిత్యాలలో ఆడపిల్లల కాలేజీ. నేను రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేదాన్ని. పాఠం చెప్పే మేడం మొదటిరోజే బోర్డు మీద మార్కులు ఎలా వేస్తుందో రాసింది. ఒక్కో వ్యాసానికి ఇరవై. భాషకు ఐదు, అమరికకు ఐదు, నిజానికి పది.

"పెద్దపెద్ద మాటలు నాకొద్దు. మీకు జరిగింది రాయుండ్రి. చదువుతుంటే మనిషి కనబడాలె," అంది.

బడిలో తెలుగు అంటే నేనే. మొదటి వ్యాసం మా ఊరి మీద. కోరుట్ల గురించి నాలుగు పేజీలు రాశాను. ఎండబోసిన పసుపును బంగారమన్నాను, పొద్దును కుంకుమన్నాను. పదకొండు వచ్చాయి. నిజానికి రెండే. కింద ఎర్ర సిరాతో "మనిషి ఎక్కడ?" అని రాసి ఉంది. ఆ కాగితం నాన్నకు చూపించలేదు. నాన్నకు ఎరువుల దుకాణం ఉంది. యూరియా కోసం వచ్చే రైతులందరికీ "మా బిడ్డ మంచిగ రాస్తది" అని చెప్పుకుంటాడు.

నా పక్కన కూర్చునే అమ్మాయిది సిరిసిల్ల. హాస్టల్లో ఉండేది. లెక్కల్లో చురుకు, మాటల్లో పొదుపు. సాయంత్రం బస్సు వచ్చేదాకా నాతోపాటు బస్టాండులో కూర్చునేది. ఇద్దరం ఒక్క పొట్లంలో పల్లీలు తినేవాళ్లం. అప్పటిదాకా నాకు అంత దగ్గరి స్నేహం ఎవరితోనూ లేదు.

ఒక సాయంత్రం బస్సు ఆలస్యమైంది. ఆరోజు ఆమె వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయన ముప్పై ఏళ్లుగా సాంచాల మీద పని చేస్తున్నాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. పదో తరగతిలో ఆమెకు లెక్కల్లో బహుమతి వస్తే, ఆయన పని మీది నుంచే బడికి వచ్చాడు. తల నిండా దూది నూగు. పెద్దసారు "ఈమె మీ బిడ్డేనా?" అని అడిగాడు. ఆయన చేతులు కట్టుకుని, గట్టిగా, "పొద్దుగాలనే తిన్న సార్," అన్నాడు. బడంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వాడు.

"పక్కనున్న పిల్ల ఆయన ఎవలే అని అడిగింది," చెబుతూ చెబుతూ ఆగింది. "మా ఇంటి పక్కాయన అని చెప్పిన."

నేను పల్లీల పొట్లం ఆమె వైపు జరిపాను.

"బాపుకు ఇనవడలే. ఇంటికి పోయేటప్పుడు నా సంచి ఆయనే పట్టుకున్నడు. నిన్ను జూస్తే శాన సంబురమైంది బిడ్డా అన్నడు. ఎప్పుడో ఒకరోజు ఆయనకు చెప్పాలె. గని ఎట్ల చెప్పాలె, మెల్లగ చెప్తే ఇనవడది. గట్టిగ చెప్పే మాటనా అది?"

అప్పుడు నా బస్సు వచ్చింది. ఆమె చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని ఎక్కాను.

పది రోజుల తర్వాత రెండో వ్యాసం ఇచ్చారు. సిగ్గుపడిన రోజు గురించి రాయాలి. ఇంట్లో తెల్ల కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకూ సిగ్గుపడిన రోజులు ఉన్నాయి. అవి రాస్తే చిన్నవిగా కనిపించాయి. ఆ ఎర్ర సిరా కళ్లముందు మెదిలింది. సాంచాల బదులు రైసుమిల్లు పెట్టాను, దూది బదులు తవుడు. సిరిసిల్ల తీసేసి కోరుట్ల రాశాను. "మా నాన్న" అని మొదలుపెట్టాను. తిన్న సార్ అన్న మాట మాత్రం మార్చలేదు. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

వారం తర్వాత మేడం కాగితాలు తెచ్చింది. పంచేముందు ఒకటి చదువుతానంది. పేరు చెప్పను, వినండి అంది. మొదటి వాక్యానికే అది నాదని తెలిసింది. నిజం చెప్పాలంటే నాకు కలిగింది భయం కాదు, సంతోషం. పక్కకు చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. "పొద్దుగాలనే తిన్న సార్" దగ్గర క్లాసు గొల్లుమంది. తర్వాత మెల్లగా సద్దుమణిగింది. చివరికి, పక్కింటాయన అని చెప్పిన చోటికి వచ్చేసరికి ముందు బెంచీలో ఒకమ్మాయి చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు పక్కకు చూశాను. ఆమె బెంచీ మీద రెండు అరచేతులూ ఆనించి, వాటినే చూస్తోంది.

నాకు పంతొమ్మిది వచ్చాయి. నిజానికి పదికి పది. ఆమె ఆటస్థలంలో బురదలో జారిపడ్డ సంగతి రాసింది. ఆమెకు ఏడు. నిజానికి ఒకటి. "ఏదో దాస్తున్నావు" అని రాసి ఉంది.

ఆ సాయంత్రం కూడా బస్టాండుకు వచ్చింది. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. పల్లీలు కొనలేదు.

"నవ్విండ్రు గదా," అంది.

"తర్వాత అందరు ఏడ్చిండ్రు," అన్నాను.

"ఫస్టు నవ్విండ్రు."

కాసేపటికి లేచింది. "మంచిగ రాసినవ్," అని హాస్టలు వైపు వెళ్లిపోయింది. మర్నాటి నుంచి వెనక బెంచీలో, గోడ పక్కన కూర్చుంది. నేను పలకరిస్తే జవాబు ఇచ్చేది. అవునంటే అవును, కాదంటే కాదు. అంతవరకే.

నాలుగు రోజులు ఆగి మేడం దగ్గరికి వెళ్లాను. అది మా నాన్న కథ కాదు, నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల నాన్నది, నా మార్కులు తీసేయండి అన్నాను. మేడం చేతిలోని ఎర్ర పెన్ను కింద పెట్టింది.

"తీసేస్తే ఎందుకు తీసిన్నో ఆఫీసుల చెప్పాలె. చెప్తే ఆ పిల్ల ముచ్చట ఇంకో నలుగురి నోట్ల పడ్తది. ఇప్పటికే నలభై మందికి చదివి వినిపించిన." కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నిజానికి పది మార్కులని పెట్టింది నేనే. నువ్వు నేను అడిగిందే తెచ్చిచ్చినవ్. పో, క్లాసుకు పో."

నన్ను తిడితే బాగుండుననిపించింది. తర్వాత మేడం నా స్నేహితురాలిని పిలిచి ఇంకో వ్యాసం రాయమని, మార్కులు సవరిస్తానని చెప్పిందట. "ఏడే ఉండనియ్యుండ్రి మేడం," అన్నదట ఆమె. మూడో వ్యాసం నుంచి నిజానికి విడిగా మార్కులు లేవు.

సంవత్సరం కాగానే ఆమె టీసీ తీసుకుని సిరిసిల్లలో ఒక కాలేజీకి మారిపోయింది. ఎండాకాలం సెలవుల్లో నేను వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లాను. సందులోకి తిరగగానే చప్పుడు మొదలైంది. కాళ్ల కింద నేల అదిరినట్టుంది. ఈ చప్పుడు లేకుండానే కదా ఆయన గురించి రాశాను అనుకున్నాను. తలుపు ఆయనే తీశాడు. నేను ఊహించినదానికన్నా సన్నగా ఉన్నాడు.

"జగిత్యాల దోస్తువా? రా బిడ్డా, రా, లోపటికి రా," అని సందంతా వినబడేలా అన్నాడు.

ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన టీ పెట్టించడానికి వంటింటి వైపు వెళ్లాడు.

"తప్పయింది," అన్నాను.

"తెలుసు. నువ్వు పోయి ఒప్పుకున్నవని మేడం చెప్పింది." గొంతులో కోపం లేదు. "నీ మీద పగేం లేదు. గని ఆ మాట నేను ముందుగాల బాపుకు చెప్పాల్నుండె. ఎన్నో దినాల నుంచి మనసుల జమ చేసుకుంటున్న. ఇప్పుడు చెప్పబోతే నీ కాగితమే యాదికస్తుంది. నోరు అస్తలేదు."

టీ తాగాను. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆమె గడపదాకా వచ్చి ఆగిపోయింది.

బస్టాండుదాకా ఆయనే వచ్చాడు. దారిలో, "మీ ఇద్దరికి ఏమైంది బిడ్డా? ఇదివరకు ఇంటికి అచ్చినప్పుడల్లా అన్నీ నీ ముచ్చట్లే చెప్తుండె. ఇప్పుడు అడిగితే ఏం చెప్తలేదు," అన్నాడు.

ఆయన చెవికి దగ్గరగా వెళ్లి చెప్పొచ్చు. కానీ అది నేను చెప్పాల్సింది కాదు. "తప్పు నాదే అంకుల్," అని మాత్రం గట్టిగా అన్నాను. ఆ ఒక్క మాటా ఆయనకు వినబడింది.

"అట్లనా! అయితే ఏం గాదు. దాని కోపం ఎంతసేపు? నాలుగు దినాలల్ల అదే ఫోన్ చేస్తది చూడు," అని నవ్వి, బస్సు రాగానే నా కోసం కిటికీ పక్క సీటు మీద రుమాలు వేశాడు.

నాలుగేళ్లవుతోంది. ఆమె నంబరు మారలేదు. పండుగలకు నేను పంపే మెసేజీలకు చూసినట్టు నీలం టిక్కులు పడతాయి. జవాబు రాదు.