రామక్క భాగహారం

బెళుగుప్పకు కొంత దూరంలోని ఒక చిన్న ఊళ్లో, 1957లో బడి తెరిచిన మొదటి వారమంతా మారెక్క ఏడుస్తూనే ఉంది. తల్లి రామక్క బడి గడప దాటితే చాలు, పలక పారేసి వెంటబడేది.

"నువ్వూ ఈడే కూచోమ్మా. పాప మెల్లగా అలవాటు పడుతుంది," అన్నాడు ఈశ్వరప్ప అయివారు. ఆ బడికంతా పంతులు ఆయనొక్కడే. గదీ ఒక్కటే. ఐదు తరగతులూ అందులోనే.

ఆ ఏడు తొలకరిలో పడాల్సిన ముంగారు వానలు మొహం చాటేశాయి. చేలల్లో పని లేదు. రామక్క తాను కూలికి పోయే ఆసామి ఇంటి నుంచి విత్తనం చెనిక్కాయలు గంపలో తెచ్చుకుని, బడి గుమ్మం పక్కన కూచుని ఒలవడం మొదలుపెట్టింది. కుదురుగా కూచోవడం ఆమెకు పుట్టుకతోనే చేతకాదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికని రెండో తరగతిలోనే బడి మానిపించారు. అంకెలు వేయడం, కూడడం మాత్రం మరిచిపోలేదు.

పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదువుతుంటే ఆమె వేళ్లు ఆ వరసకే కాయలు చిదిమేవి. గొంతూ కలిపేది. చూస్తుండగానే ఎక్కాలన్నీ నోటికొచ్చేశాయి. నీళ్లకు పోతూ, పిడకలు ఏరుతూ వాటినే వల్లించుకునేది.

అంతలో అయివారు నాలుగో తరగతికి భాగహారం మొదలుపెట్టాడు. ఇందులో వల్లించడానికేమీ లేదు. ఒక అంకె దించడం, తీసేయడం, మళ్లీ దించడం. బోర్డు వైపు మెడ సాచీ సాచీ రామక్కకు అసహనం ఎక్కువైంది. ఒకరోజు ఉండబట్టలేక లేచింది.

"అయివారూ, మా పాపకు భాగారం తెలీలేదంట. మళ్లా ఒకతూరి చెప్తారా?"

"మీ పాప ఇంకా అఆలు దిద్దుతాండాది కదమ్మా."

పిల్లలు గొల్లుమన్నారు. ఈశ్వరప్ప నవ్వలేదు. సుద్దముక్క ఆమె చేతికిచ్చి, ఆరు వందల పద్దెనిమిదిని ఆరుతో భాగించమన్నాడు. రామక్క మొదటి ఆరు కింద ఆరు వేసి, ఒకటి రాసింది. తర్వాత ఒకటి దించింది. ఒకటిలో ఆరు పోదు. వెంటనే ఎనిమిదినీ దించేసి, పద్దెనిమిదికి మూడు రాసింది. పదమూడు.

"సరిగ్గా వచ్చిందో లేదో నువ్వే చూసుకో. నీకు ఎక్కాలు వచ్చు కదా," అన్నాడాయన.

అంత మంది పిల్లల ముందు ఆమెకు వచ్చిన ఎక్కం కూడా గుర్తు రాలేదు. సుద్దముక్క ఆయన చేతికిచ్చేసింది. గంప ఎత్తుకుని విసవిసా ఇంటికి నడిచింది. సగం దారిలో కూతురు గుర్తొచ్చింది, కానీ వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం మారెక్క తోటిపిల్లలతో ఆడుకుంటూ వచ్చింది. ఏడవలేదట.

"రేపట్నుంచి నువ్వు రావద్దులేమా," అంది.

ఎన్నాళ్లుగానో కోరుకున్న మాట అది. ఇప్పుడు వింటే రామక్కకు రుచించలేదు. ఇక బడికి పోవడానికి సాకు లేదు. మర్నాడు ఒలిచిన గింజలు పొట్టులో పడేసింది. మధ్యాహ్నం పొయ్యి మీద సంగటి అడుగంటింది.

"ఏమే, సంగటి మాడతాండాది," అన్నాడు మొగుడు తిప్పన్న.

"పదమూడార్లు డెబ్బై ఎనిమిది."

"ఏందీ?"

"డెబ్బై ఎనిమిది యాడ, ఆరొందల పద్దెనిమిది యాడ? నేనేసింది తప్పు. యాడ తప్పినానో తెలీలేదు."

తిప్పన్న మాడిన సంగటి గీరుకుని ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు. "పోయి అడుగు. లేకపోతే మాకు ఈ కూడే గతి."

"పాప రావద్దనె."

"పాప కోసమా నువ్వు పోయేది?"

మర్నాడు ఆమె గంప లేకుండా వెళ్లింది. "పాప కోసం రాలేదు అయివారూ," అని నాలుగో తరగతి వరసలో చివర కూచుంది. ఈశ్వరప్ప మళ్లీ అదే లెక్క వేశాడు. ఒకటిలో ఆరు పోకపోతే అక్కడ సున్నా పెట్టి, ఆ తర్వాతే ఎనిమిదిని దించాలన్నాడు. రామక్క పలక మీద నూట మూడు రాసి, ఆరుతో హెచ్చవేసింది. ఆరొందల పద్దెనిమిది. పక్కనున్న పిల్ల పలక కూడా లాక్కుని మరో లెక్క మొదలుపెట్టింది.

ఆగస్టులో వాన పడింది. రామక్క విత్తనం వేసే పనికి పోయింది. కలుపు అయ్యాక తిరిగి వచ్చింది. అట్లా కొన్నేళ్లు పని లేని రోజుల్లో బడి, పని ఉంటే చేను. హాజరు పట్టీలో ఆమె పేరు ఎక్కలేదు. పరీక్షకు కూచోబెట్టే వీలు లేదని ఈశ్వరప్ప నొచ్చుకుంటే, "పరీక్షెవరికి కావాల?" అంది కానీ ఆ రోజు ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మారెక్క నాలుగుకు వచ్చేసరికి తల్లీకూతుళ్లు ఒకే పలక కోసం పోట్లాడుకునేవాళ్లు.

ఐదు గట్టెక్కి మారెక్క బెళుగుప్పలో చదవడానికి పోసాగింది. సాయంత్రమైతే రామక్క ఇంట్లో నిలవలేకపోయేది. దారి మొగదలకు వచ్చి అటూ ఇటూ తిరిగేది. కూతురు కనబడగానే ఎదురుపోయేది.

"ఈ పొద్దు ఏం చెప్పినారు?"

"కాళ్లన్నా కడుక్కోనీమా."

"కడుక్కుందువులే. నడుస్తా నడుస్తా చెప్పు."