తిరుత్తణి రైలులో బెల్లం మూట

కొండదారుల్లో రోజుల తరబడి నడవడానికి ఎటువంటి సంచి కొనాలని మిత్రులు నన్ను అడుగుతుంటారు. బరువు ఎంత తగ్గితే అంత మేలని చెబుతూ వచ్చాను. ఇకపై అంత ధీమాగా చెప్పలేను గనుక, కారణాన్ని రాసిపెట్టడం అవసరమని భావిస్తున్నాను.

తిరువళ్ళూరులో రైలెక్కిన ఒక నడివయసు స్త్రీ గోనెమూటను ఒళ్ళో పెట్టుకుని నా ఎదుట కూర్చుంది. నా కొత్త సంచిని ఒంటిచేత్తో ఎత్తి చూసి నవ్వింది.

"ఇంత తేలిగ్గా ఉండాదే, లోపల గాలి నింపినారా అయ్యా?"

"కొండలెక్కేవారు బరువు తగ్గించుకోవాలమ్మా. ఆ మూటలో ఏముంది?"

"బెల్లం. తిరుత్తణి సామికి మొక్కు. మా పాప ఎంత బరువుంటే అంత బెల్లం ఏటా ఇస్తాము."

"అంత బరువుతో గుడి మెట్లెక్కగలవా?"

"పోయిన ఆడికృత్తిక పండక్కి నాచేత కాక మా అన్న మోసినాడు. ఈసారి నేనే మోస్తా. శానా తగ్గిపోయింది."

"మంచిదే," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పాప ఆస్పత్రిలో ఉండాదయ్యా. నిన్న ఆడనే తూచినారు."

తిరుత్తణిలో ఎవరి సాయమూ లేకుండా మూటను భుజానికెత్తుకుని ఆమె దిగిపోయింది. "మంచిదే" అని నేనన్న మాటను వెనక్కి తీసుకునే వ్యవధి నాకు దొరకలేదు. ఆ మొక్కుబడి ఆచారాన్ని గురించి నేను తప్పుగా రాసి ఉంటే, తెలిసినవారు దయచేసి దిద్దవలసిందిగా కోరుతున్నాను.