రాయిని ఆపిన టోపీ

ఎల్లస్వామికి ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు లేస్తుంది. బచ్చన్నపేటలో పత్తి చేను అన్నకు వదిలేసి భూపాలపల్లి బొగ్గుబాయిలో చేరాడు. ఇరవై రెండేళ్లుగా మాది ఒకే షిఫ్టు, పక్కపక్క క్వార్టర్లు. మా వరసలో అతని చేతి దెబ్బ తిననివాళ్లు తక్కువ. నేనూ తిన్నాను. అయినా ఈ కథ అతను కొట్టిన దెబ్బతో కాదు, అతనికి తగిలిన దెబ్బతో మొదలవుతుంది.

ఆరేళ్ల కింద ఒక రోజు బాయి లోపల పైకప్పుకు కర్రలు నిలబెడుతున్నాం. కప్పు చిటపటమంది. పరుగెత్తమని అరిచేలోపే కొబ్బరికాయంత రాయి ఊడి ఎల్లస్వామి నడినెత్తి మీద పడింది. వెనకే పెద్ద రాతి పలక దిగి, పక్కనున్న మా షిఫ్టు దేవ్యాను నేలకు నొక్కేసింది. దేవ్యాను పారలతో తవ్వి తీశాం. ముఖం చూసి పోల్చుకోలేక, నడుముకున్న నంబరు బిళ్ల చూసి పేరు రాయించాం. ఎల్లస్వామి తల మీది గట్టి ప్లాస్టిక్ బాయి టోపీ నడిమికి చీలింది. తలకు చిన్న గాటు కూడా లేదు.

అప్పటి నుంచి అతనికి బాయి టోపీయే దేవుడు. కొత్తది ఇచ్చారు. దాన్ని బండి మీద పెట్టుకునేవాడు, సంతకు పెట్టుకునేవాడు, పెళ్లిళ్లకూ పెట్టుకునేవాడు. చాయ్ హోటల్ ముందు ఎవరైనా నవ్వితే నా చేతికి కర్ర ఇచ్చి, "కొట్టు రాజేందర్, నీ బలం జూస్త" అనేవాడు. నేను అతని తల మీది టోపీని కొట్టేవాణ్ణి. అతను నిలబడి నవ్వేవాడు. ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు, ప్రతిసారీ నడినెత్తి మీదే కొట్టాను. పక్కన కొట్టి చూడాలని ఒక్కసారీ తోచలేదు. నా బుద్ధికి నిప్పు పెట్టాలి.

అతని బిడ్డ రజిత పదో తరగతి. సైకిల్ ఎక్కిందంటే మా బండ్లు వెనకబడేవి. వాళ్ల బడిలో ఆటలు నేర్పే గీత మేడం చూసి, మహబూబాబాద్‌లో జరిగే సైకిల్ పోటీకి పేరు ఇచ్చింది. సైకిల్ తొక్కేవాళ్లు పెట్టుకునే హెల్మెట్ కూడా తెచ్చి ఇచ్చింది. అది తేలిగ్గా, లోపల థర్మకోల్‌లాంటి మందంతో, గదవ కింద బిగించే పట్టీతో ఉంది.

సాయంత్రం రజిత అది పెట్టుకుని ఇంటికొచ్చింది. ఎల్లస్వామి చూసిన మరుక్షణం చెంప మీద కొట్టాడు. కమ్మ గుచ్చుకుని చెవి తెగి రక్తం కారింది. హెల్మెట్ లాక్కుని బాయి బూటుతో తొక్కితే అది రెండు ముక్కలైంది.

"చూసినవా, కాలితోటి తొక్కితేనే పలిగింది. గిది నీ తలకాయను కాపాడుతదా?" అన్నాడు.

మర్నాడు గీత మేడం ఇంటికే వచ్చింది. ఆ ముక్కలు చేతిలో పట్టుకుని నెమ్మదిగానే చెప్పింది. "పలగనీకే చేసిండ్రు అన్నా. ఇది నలిగితే దెబ్బంత ఇది తీసుకుంటది, తల దాకా పోనియ్యదు. కాలో చెయ్యో ఇరిగితే ఏ హెల్మెట్ ఆపదు, నిజమే. కని తల బతుకుతది. నీ టోపీ పైనుంచి పడే రాయికి చేసింది, కింద పడే మనిషికి కాదు."

"దేవ్యా సచ్చిండు, నేను బతికిన. బాయిల నువ్వున్నవా మేడం?" అంటూ ఆమె స్కూటీని తన్ని పడగొట్టాడు. ఆపబోయిన భార్య సోమక్కను మోచేత్తో గోడకేసి కొట్టాడు.

మేడం అక్కడే నిలబడ్డ నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే సరిపోయేదేమో. "ఆయన చెప్పేది నిజమే మేడం, నేనే శానసార్లు కొట్టి చూసిన" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

చివరికి ఎల్లస్వామి తన బాయి టోపీనే రజితకు పెట్టాడు. ఆమె తలకు అది వదులు. ఎల్లస్వామి లోపల తువాలు ముక్క కుక్కాడు. దానికి పట్టీ లేదు, చెమటకు దురద పెడుతుందని మా షిఫ్టులో అందరం పట్టీలు కోసేసుకున్నాం.

పోటీ పది రోజులుందనగా, పొద్దున్నే కాళేశ్వరం రోడ్డు మీద రజిత ముందు తొక్కుతోంది. ఎల్లస్వామి, నేను బండి మీద వెనక ఉన్నాం. ఒక బొగ్గు టిప్పర్ ఆమెను రాసుకుంటూ దాటింది. మంచుకు తడిసిన బొగ్గు పొడిలో ముందు చక్రం జారింది. రజిత పక్కకు పడింది. తల నేలను చేరకముందే టోపీ ఊడి ఎగిరింది. ఎడమ కణత కిలోమీటరు రాయికి తగిలింది. ఆ చప్పుడు నాకు తెలుసు, దేవ్యా మీద పలక పడ్డప్పుడు విన్నదే.

నా తువాలు ఆమె తలకు అదిమిపట్టాను. నిమిషంలో తడిసి ముద్దయింది. ఎల్లస్వామి బిడ్డ దగ్గరకు రాలేదు. ఆగిన టిప్పర్ ఎక్కి డ్రైవర్‌ను కిందికి ఈడ్చి, పళ్లు రాలేదాకా గుద్దాడు. నేను బూతులు తిడితే అప్పుడు వచ్చి ఎత్తుకున్నాడు. టోపీ పక్క పొలంలో పడి ఉంది. దాని మీద గాటు కూడా పడలేదు.

వరంగల్ దవాఖానలో రజిత తలలోంచి ఎముక ముక్క తీసి, గడ్డకట్టిన రక్తం తోడారు. పోటీ రోజూ వెళ్లిపోయింది. పన్నెండో రోజు కళ్లు తెరిచి సోమక్కను గుర్తుపట్టింది. కుడి చెయ్యి కదలడం లేదు. లోపలికి రమ్మని మమ్మల్ని పిలిచారు. అన్ని రోజులూ మెతుకు ముట్టని ఎల్లస్వామి మంచం పక్కకు వెళ్లి, గొరిగిన తల మీద వేళ్లు ఆనించబోయాడు.

రజిత కదిలే ఎడమ చేతిని తల మీద అడ్డం పెట్టుకుంది.

"నేను తియ్యలే బాపూ," అంది, మాట మాటకూ ఆగి. "టోపీ అదే ఊడిపోయింది. కొట్టకు."